ఈశాన్యం మూల చేప

మొన్న కంటి పరీక్షకని గుంటూరు వెళ్ళాను. కళ్ళలో చుక్కలు వేసి, రెప్పలు మూసుకుని అరగంట కూర్చోమన్నారు. మూసుకోమన్నప్పుడే చూడాలనిపించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. కాస్త సందు చేసుకుని చూస్తే, ఎదురుగా గోడలో అమర్చిన పెద్ద గాజు తొట్టి, అందులో మూరెడు పొడుగున ఒక వెండి రంగు చేప. చుక్కల మూలంగా అన్నీ అలికేసినట్టు కనిపిస్తున్నాయి గానీ, ఆ చేపని పోల్చుకోవడానికి నాకు కళ్ళతో పనిలేదు. ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళడం, అద్దం దగ్గర ఒళ్ళంతా వంచి తిరగడం, మళ్ళీ వెనక్కి రావడం. పక్కన కూర్చున్నావిడ, "వాస్తు చేపండీ అది. చాలా మంచిదంట. మా అమ్మాయి వాళ్ళు కూడా పెట్టుకుందామనుకుంటున్నారు" అంది. "ఈశాన్యంలో పెట్టాలి" అని మాత్రం అని ఊరుకున్నాను. చెప్పాలంటే చాలా ఉంది. కానీ ఆవిడ కళ్ళలోనూ చుక్కలే, నా కళ్ళలోనూ చుక్కలే, ఎవరి పేరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు. అక్కడ ఆవిడకి చెప్పనిది ఇక్కడ చెబుతాను.

మాది సత్తెనపల్లి. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని, మావారిది బ్యాంకు ఉద్యోగం. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఇంటికి పెద్దదిక్కు మా మామగారు. తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కాబట్టి, రిటైరైన మర్నాటి నుంచే పంచాంగం ముందేసుకుని ముహూర్తాలు పెట్టడం, వాస్తు చెప్పడం మొదలుపెట్టారు. ఆయనది చాలా సాధువైన వాస్తు. గోడలు పగలగొట్టమనేవారు కాదు. మంచం కాస్త జరపండి, బీరువా ఇటు తిప్పండి, అక్కడ నీళ్ళ బిందె పెట్టండి, అంతే. ఊళ్ళో మిర్చి వ్యాపారం చేసే ఒకాయనకి వంటింటి తలుపు లోపలికి కాకుండా బయటికి తెరుచుకునేలా మార్చుకోమని చెప్పారు. ఆ ఏడు మిరపకాయలకి మంచి ధర పలికింది. పలకడం గుంటూరు యార్డులో అందరికీ పలికింది గానీ, ఆయన మాత్రం ఆ పుణ్యమంతా తలుపుకే కట్టబెట్టాడు. మామగారు దక్షిణ పుచ్చుకోరని తెలుసు కనక, ఒక ఆదివారం పొద్దున ఆటోలో రెండడుగుల గాజు తొట్టి పంపించాడు. అందులోకి గోరంతేసి బంగారు చేపలు నాలుగు, వేలెడు పొడుగున ఒక వెండి చేప. వెనకాలే తనూ స్కూటర్ మీద వచ్చి, "వాస్తు చేపండీ పంతులుగారూ! పేరు అరోవానా. ఇంటికొచ్చే గండాలన్నీ అదే మింగేసుద్ది" అన్నాడు. మింగడం విషయంలో ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది. వాస్తు చెప్పేవారి ఇంటికి వాస్తు చేప నడిచొస్తే కాదనడం ఎలా? హాల్లో ఈశాన్యం మూల, పూజగది గోడకి ఆనించి స్టాండు వేసి, తొట్టికి పసుపు రాసి బొట్టు పెట్టి నిలబెట్టారు.

మొదటి వారంలోనే ఒక బంగారు చేప కనిపించకుండా పోయింది. చస్తే పైకి తేలాలి, ఎగిరి బయట పడితే చీమలు పట్టాలి. రెండూ లేవు. గులకరాళ్ళు కూడా పైకి తీసి వెతికాం. మామగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "మొన్న అబ్బాయి స్కూటర్‌ని లారీ రాసుకుపోయింది కదమ్మాయ్. ఆ గండాన్ని ఇది తీసుకుపోయింది" అన్నారు. రెండోది పోయినప్పుడు ఆయన బీపీ తగ్గింది. మూడోది పోయినప్పుడు పక్కింటి వాళ్ళతో ప్రహరీ గోడ తగాదా సర్దుకుంది. చేప మాయమైనప్పుడల్లా ఆ వారంలో తప్పిపోయిన ప్రమాదం ఏదో ఒకటి ఆయనకి దొరికేది. నాలుగోదాన్ని మటుకు వెండి చేప మింగుతుండగా నేను కళ్ళారా చూశాను. కింది దవడ పెట్టె మూతలా లేచింది, తోక ఒక్క క్షణం బయట ఆడింది, అంతే. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివినదాన్ని. పైకి తిరిగి ఉన్న ఆ నోరు, గడ్డం కింద ఆ రెండు మీసాలు చూసి, ఇది వేటాడి తినే జాతని మొదటి రోజే గ్రహించాను. గ్రహించి ఏం లాభం? మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు ఉల్లిపాయే రాదు. గుడ్డు అన్న మాట పలకం. నా పాఠ్యపుస్తకంలో కోడిగుడ్డు బొమ్మ ఉన్న పేజీ వస్తే, మామగారు హాల్లో ఉన్నంతసేపూ పుస్తకం బోర్లించి పెట్టేదాన్ని. అలాంటి ఇంట్లో, పూజగది పక్కన కూర్చున్న దేవతలాంటి చేప గురించి ఆయన ముందు నోరు విప్పి ఏమని చెప్పను?

బంగారు చేపలు అయిపోయాయి, వెండి చేపకి ఆకలి మొదలైంది. మామగారు రోజూ నైవేద్యం అయ్యాక పప్పన్నం ముద్దలోంచి నాలుగు మెతుకులు తొట్టిలో వేసేవారు. అది వాటి వంకే చూసేది కాదు. మరమరాలు వేశాం, చపాతీ పిండి ఉండలు వేశాం, షాపులో అమ్మే గుళికలు వేశాం. నీళ్ళు కుళ్ళాయి గానీ అది నోరు తెరవలేదు. ఇక ఇది బతకదని నేను అనుకుంటున్న రోజుల్లో, పెరట్లో గోంగూర మడిలోంచి ఎగిరొచ్చిన మిడత ఒకటి మూత సందులోంచి తొట్టిలో పడింది. టప్పుమని చప్పుడు, మిడత లేదు. ఆ రోజు నుంచి బడి వదలగానే వచ్చి, కొంగు దోపుకుని పెరట్లో మిడతలు పట్టడం నా పని. పక్కింటావిడ గోడ మీద నుంచి చూసి, నాకేదో ఒంట్లో బాగాలేదని అనుకుందట. వానలు వెళ్ళాక మిడతలూ వెళ్ళిపోయాయి. దాంతో ఒక శనివారం కొంగు తల మీదుగా కప్పుకుని, చేతిలో స్టీలు గిన్నె పట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చేపల మార్కెట్‌లో అడుగుపెట్టాను.

అక్కడ చివర కూర్చునే ఒక లావుపాటి ఆవిడ నన్ను ఇట్టే పట్టేసింది. వాళ్ళ మనవరాలు మా బడిలోనే చదువుతోందట. "ఏం కావాలి టీచరమ్మగారూ?" అంది, వీధంతా వినపడేలా. పది రొయ్యలు కావాలన్నాను. "పదా! పదికి ఏం కూరొస్తదమ్మా?" అంది. కూరకి కాదు, ఇంట్లో చేపకి అన్నాను. ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపి నవ్విన నవ్వుకి అటూ ఇటూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. "చేపకి రొయ్యలు పెట్టి పెంచుతున్నారా! మా ఇంట్లో కోడలికే దిక్కులేదమ్మా" అంది. కానీ మంచి మనిషి. ఆ రోజు నుంచి నేను కనపడగానే తలా తోకా తీసి, పొట్టు వలిచి, శుభ్రంగా కడిగి ఇచ్చేది. వాటిని ఫ్రిజ్‌లో పెట్టే ప్రశ్నే లేదు. ఐసు ముక్కలు వేసిన పాత ఫ్లాస్కులో పోసి, పెరట్లో మోటారు గదిలో దాచేదాన్ని. సాయంత్రం అయిదు కాగానే మామగారు గొడుగు తీసుకుని నడకకి బయల్దేరేవారు. వానైనా ఎండైనా అయిదంటే అయిదే. ఆయన గేటు వేసిన చప్పుడు వినగానే నేను ఫ్లాస్కు తెచ్చి, తొట్టి మూత తీసి, ఒక్కొక్కటీ నా చేత్తో అందించేదాన్ని. తర్వాత తలస్నానం, చీర మార్పు, అప్పుడు వంటింట్లోకి. ఈ దొంగతనం నాలుగేళ్ళ పైగా సాగింది.

ఊరు చిన్నది కదా. మా బడిలో సోషల్ చెప్పే మేడం నన్ను మార్కెట్‌లో చూసింది. మర్నాడు స్టాఫ్ రూంలో, "ఏం మేడం, మీరు కూడా మొదలుపెట్టారా?" అని కన్ను గీటింది. నాకు అప్పటికప్పుడు తోచిన అబద్ధం, "ప్రాక్టికల్స్ కోసమండీ." పక్క గదిలోంచి విన్న హెడ్మాస్టరుగారు తెగ ముచ్చటపడిపోయి, తొమ్మిదో తరగతి వాళ్ళకి రొయ్య ప్రాక్టికల్ చేసి చూపించమని, తాను కూడా వచ్చి కూర్చుంటానని అన్నారు. ఆ శుక్రవారం అరవై మంది పిల్లల ముందు, అట్ట మీద గుండుసూదులు గుచ్చి, రొయ్యకి ఎన్ని కాళ్ళో, ఏ కాలు ఎందుకో విడదీసి చూపించాను. నా సర్వీసులో అంత బాగా చెప్పిన పాఠం ఇంకొకటి లేదని ఇప్పటికీ పాత విద్యార్థులు కనిపిస్తే చెబుతారు. వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి నిలబడి చూశారు. అప్పుడు నా మనసులో ఒక మాట కదిలింది. ఒక బడి నా చేతికొస్తే, మూలపడ్డ ల్యాబు తాళాలన్నీ తీయిస్తాను, పిల్లల చేత ముట్టించి చెప్పిస్తాను అనుకున్నాను. హెడ్మిస్ట్రెస్‌ని కావాలన్న కోరిక నాకు అంత గట్టిగా అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు.

ఈలోగా చేప పెరిగింది. జానెడైంది, మూరెడైంది, మూర దాటింది. మిర్చి వ్యాపారి వచ్చి చూసి మురిసిపోయి నాలుగడుగుల తొట్టి పంపించాడు. అదీ చాలలేదు. తిరగాల్సి వచ్చినప్పుడల్లా చేప ఒళ్ళు మడత పెట్టేది, ముక్కు ఒక అద్దానికి, తోక ఒక అద్దానికి తగిలేవి. ఎప్పుడూ కిందికి చూసి చూసి దాని ఒక కన్ను కిందికే వాలిపోయింది. హాల్లో నోట్సులు దిద్దుకుంటూ కూర్చుంటే, నా ఎర్ర సిరా పెన్ను అటు నుంచి ఇటు, అది అటు నుంచి ఇటు. దాన్ని చూస్తే జాలి వేసేది, కోపమూ వచ్చేది. ఒక మధ్యాహ్నం మూత సరిగ్గా వేయలేదో ఏమో, ఎగిరి వచ్చి గచ్చు మీద పడింది. తడి చీర చుట్టి ఎత్తుకుంటే, చంటిపిల్లంత బరువు, ఒళ్ళంతా ఒకటే కండ. మళ్ళీ నీళ్ళలో వేసి, అది తిరగడం మొదలుపెట్టేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ రోజు నుంచి మూత మీద మా అత్తగారి నాటి రుబ్బురోలు పొత్రం పెట్టాం.

ఒకసారి నాకు జ్వరం వస్తే, రొయ్యలు వేయమని మావారిని పురమాయించాను. ఆయన ముక్కు మూసుకుని నాలుగడుగుల దూరం నుంచి విసిరారు. ఒకటి నీళ్ళలో పడింది, రెండు గచ్చు మీద పడ్డాయి. మావారు పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నారు. చేప మూలకి పోయి కూర్చుంది, మర్నాడు నేను లేచి వచ్చేదాకా ముట్టుకోలేదు. ఇక అప్పటి నుంచి నేను అందరితోనూ చెప్పడం మొదలుపెట్టాను, నా చేత్తో తప్ప తినదండీ అని. చెప్పేటప్పుడు విసుగు నటించేదాన్ని గానీ, లోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆ గర్వం నన్ను ఎక్కడికీ కదలనివ్వలేదు. విజయవాడలో మా పినతల్లి కూతురి పెళ్ళికి వెళ్ళి, తాళి కట్టగానే విస్తరి ముందు కూడా కూర్చోకుండా బస్సెక్కాను. వేసవిలో కరెంటు పోతే గాలి మోటారు ఆగిపోయేది. నీళ్ళు వేడెక్కితే చేప పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉండేది. ఎవరో ఒకరు స్టూలు మీద నిలబడి, చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోస్తూ ఉండాలి. ఆ ఎవరో ఒకరు నేనే. చెమటలు కారుతుంటే, చేతులు పీకుతుంటే, ఒక చెంబు, ఇంకో చెంబు. మామగారికి గుండె ఆపరేషన్ అయి బాగుపడ్డాక, అది కూడా చేప ఖాతాలోకే వెళ్ళింది. మొక్కు తీర్చుకోవడానికి ఆయనా మావారూ కాశీ వెళ్ళారు. నా టిక్కెట్టు రద్దు చేయించారు. "మరి చేప ఉందిగా" అన్నారు మావారు సూట్‌కేసు మూస్తూ. పన్నెండు రోజులు ఆ ఇంట్లో నేనూ అదీ ఉన్నాం. ఒక సాయంత్రం దాని ముందు కూర్చుని బిగ్గరగా ఏడ్చాను. ఎందుకంటే చెప్పలేను. అది కూడా నన్నేమీ అడగలేదు.

ఆ మరుసటి ఏడాది హెడ్మాస్టర్ల ప్రమోషన్ల జాబితాలో నా పేరు వచ్చింది. గుంటూరులో కౌన్సెలింగ్. నా వంతు వచ్చేసరికి మిగిలినవాటిలో నాకు నచ్చింది పొదిలి. మెట్ట ప్రాంతం, పెద్ద బడి, ఆడపిల్లలు ఎక్కువ, ల్యాబు గది ఉంది గానీ తెరవరని తెలిసినవాళ్ళు చెప్పారు. నాకు కావాల్సింది అదే. సత్తెనపల్లి నుంచి రోజూ వెళ్ళి వచ్చే దూరం కాదు. అక్కడ ఒక గది తీసుకుని శనివారాలు ఇంటికి రావాలి. చేరడానికి పదిహేను రోజులు గడువిచ్చారు. ఇంటికొచ్చి చెబితే మావారు సంతోషించారు, ఆ వెంటనే తొట్టి వంక చూసి, "దీని సంగతేంటి మరి?" అన్నారు. మామగారు పడక కుర్చీలోంచి, "నీ ఇష్టం అమ్మాయ్. నువ్వు ఎలా అంటే అలా" అన్నారు. అని, నా ముఖం వంక చూస్తూనే ఉన్నారు, ఇంకేదో నేను అనాలన్నట్టు. నేను తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఆ పదిహేను రోజులూ నేను తిరగని చోటు లేదు. మిర్చి వ్యాపారి దగ్గరికి వెళ్ళి చేపని వెనక్కి తీసుకోమన్నాను. "అమ్మో, ఇచ్చిన వాస్తు చేపని వెనక్కి తెచ్చుకుంటే మీ గండాలన్నీ మా ఇంటికొస్తాయమ్మగారూ" అన్నాడు. మా సోషల్ మేడం, తాడేపల్లి దగ్గర కృష్ణలో వదిలేసి దణ్ణం పెట్టి రమ్మంది. పిల్లలకి పాఠం చెప్పేదాన్ని, పరదేశపు చేపని ఏట్లో వదిలితే అక్కడి పిల్ల చేపల్ని బతకనిస్తుందా? రొయ్యలావిడని అడిగితే ఆవిడా అదే అంది. "మా అన్నదమ్ములు ఏటి మీద బతుకుతున్నారమ్మా, వాళ్ళ నోటికాడిది లాక్కుంటారా?" ఇంకెవరికైనా ఇచ్చేద్దామంటే, చేప గడప దాటిన వారంలో మామగారికి ఏదైనా అయితే? నాకు వాస్తు మీద నమ్మకం లేదు. కానీ జరగరానిది జరిగితే, నేనే చేజేతులా తెచ్చిపెట్టానన్న మాట ఆ ఇంట్లో నేను బతికినన్నాళ్ళూ నా వెనకాల తిరుగుతుంది. అందుకు నాకు ధైర్యం చాలలేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి, ఇంట్లోనే ఎవరైనా తిండి పెట్టడం. మావారి వల్ల కాదు. మామగారిని అడగాలంటే, ముందు నాలుగేళ్ళుగా పూజగది పక్కన నేనేం చేస్తున్నానో ఆయనకి చెప్పాలి. రొయ్య అన్న మాట ఆయన ముందు నా నోట రావాలి. ఎనభై ఏళ్ళ శ్రోత్రియుడు, ఇంకొకరింట్లో మంచినీళ్ళు కూడా పుచ్చుకోని మనిషి. రెండుసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్ళి, మజ్జిగ కావాలా అని అడిగి వెనక్కి వచ్చాను. పద్నాలుగో రోజు, కుటుంబ కారణాల వల్ల ప్రమోషన్ వదులుకుంటున్నానని నా దస్తూరితోనే కాగితం రాసి ఇచ్చేశాను. మా బడి హెడ్మాస్టరుగారు దాన్ని రెండుసార్లు చదివి, "ఆలోచించుకున్నారా అమ్మా?" అన్నారు. ఆలోచించానన్నాను.

నెల తిరక్కుండా నాకు పచ్చకామెర్లు వచ్చాయి. గుంటూరు ఆస్పత్రిలో చేర్చారు. చేర్చిన రోజు నుంచి నాకు ఒకటే బెంగ, చేప చచ్చిపోతుంది, దాని వెనకాల ఇంకేం జరుగుతుందోనని. మావారిని అడిగితే, "బాగానే ఉందిలే" అని మాట దాటేసేవారు. పదకొండో రోజు ఇంటికి వచ్చాను. చేప నేను వదిలి వెళ్ళినప్పటి కంటే నిగనిగలాడుతోంది, పొట్ట నిండుగా ఉంది. నన్ను చూసి తొట్టి పైకి రాలేదు కూడా. రెండు రోజులు పోయాక రొయ్యలావిడ మనవరాలి టీసీ పని మీద మా వీధికొచ్చి, నా గుమ్మంలో నిలబడి చెప్పింది. "పెద్ద పంతులుగారే వచ్చారమ్మా, రోజూ పొద్దున్నే. దూరంగా నిలబడేవారు, గిన్నె నేల మీద పెట్టేవారు. నేనే వలిచి అందులో వేసేదాన్ని. ఎవరన్నా ఏమన్నా అనుకుంటారేమో పంతులుగారూ అంటే, మా కోడలు చేసిందే నేనూ చేస్తున్నానమ్మా అన్నారు."

ఆ సాయంత్రం అయిదైంది. మామగారు నడకకి వెళ్ళలేదు. నాకు నీరసంగా ఉన్నా కుర్చీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఏమని అడిగానో గుర్తులేదు. ఆయనే అన్నారు. "నాకు తెలియదనుకున్నావా అమ్మాయ్? చేపల వీధి పక్క బడిలో పాతికేళ్ళు పాఠం చెప్పాను, ఆ వాసన నాకు తెలియదా? నేను ఇంట్లో ఉంటే నువ్వు ఇబ్బంది పడతావనే కదా అయిదింటికి గొడుగు పుచ్చుకుని పోయేవాణ్ణి. ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఎండలో తిరగొద్దన్నా పోయాను." "మరి నాతో ఎందుకు చెప్పలేదు మామయ్యగారూ? నేను ఆ కాగితం రాసేటప్పుడైనా చెప్పకూడదా?" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనతో గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు. ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నువ్వు దాచుకున్నదాన్ని నేనెలా బయటపెట్టనమ్మా? నీ పరువు పోదూ? నువ్వు ఒక్క మాట, నేను లేనప్పుడు మీరు చూసుకుంటారా అని అడిగితే, సరే అందామని కాచుకుని కూర్చున్నాను. నువ్వు అడగలేదు. మజ్జిగ కావాలా అని అడిగి వెళ్ళిపోయావు." నాకు ఆయన మీద వచ్చిన కోపానికి అంతులేదు. అంత కోపంలోనూ ఆయన చేతుల వంక చూశాను. కుడి చేతి బొటనవేలి మీద చేప పళ్ళు గీరిన గాటు. వలిచింది రొయ్యలావిడే అయినా, తొట్టి దగ్గర ఆయన కూడా నాలాగే ఒక్కొక్కటీ వేళ్ళతో పట్టుకుని అందించి ఉంటారు.

మర్నాడు లేవలేకపోయినా ఆటో ఎక్కి విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళాను. నా కాగితం మీద ఆర్డరు వచ్చేసిందనీ, నా తర్వాతి వరసలో ఉన్నావిడ పొదిలిలో చేరిపోయిందనీ చెప్పారు. మళ్ళీ జాబితా తయారై నా వంతు వచ్చేలోపు నా రిటైర్మెంటు వచ్చింది. ఆ మిగిలిన ఏళ్ళు మామగారూ నేనూ రోజు మార్చి రోజు చేపకి తిండి పెట్టాం. ఆయన వంతు రోజున నేను వంటింట్లోకి వెళ్ళేదాన్ని, నా వంతు రోజున ఆయన నడకకి వెళ్ళేవారు. రొయ్య అన్న మాట మాత్రం ఇద్దరిలో ఎవరమూ పలకలేదు. ఆయన ఒక కార్తీకంలో, పగటిపూట, నిద్రలోనే వెళ్ళిపోయారు. చేప దాని మానాన అది ఆరు నెలలు ఎక్కువే బతికింది. అది పోయాక గండాలేవీ రాలేదు, పోలేదు. తొట్టి తీసేసిన చోట గచ్చు మీద తెల్లటి నీటి మరక నలుపలకలుగా మిగిలింది. ఎంత తోమినా పోలేదు. నిజం చెప్పాలంటే ఆ ప్రమోషన్‌ని చేప ఒక్కటే ఆపిందని నేను ఇప్పుడు అనలేను. యాభై అయిదేళ్ళ వయసులో కొత్త ఊళ్ళో ఒక్కదాన్నీ గది తీసుకుని ఉండాలంటే నాకు భయమేసింది. భయం అని చెప్పుకోవడం కంటే చేప అని చెప్పుకోవడం తేలిక.

పోయినేడు బంధువుల గృహప్రవేశానికని పొదిలి వెళ్ళాల్సి వచ్చింది. భోజనాలయ్యాక, ఎవరికీ చెప్పకుండా దారి అడుగుతూ ఆ బడికి వెళ్ళాను. అప్పుడు ఉన్న హెడ్మిస్ట్రెస్ చిన్న వయసు అమ్మాయి, లేచి నిలబడి కుర్చీ వేసింది, టీ తెప్పించింది. "ఇక్కడ పనిచేశారా మేడం?" అని అడిగింది. "లేదమ్మా. రావాల్సింది" అన్నాను. ఆ అమ్మాయి ఎవరో పిల్లల తగాదా తీర్చడానికి బయటికి వెళ్ళింది. ఆమె కుర్చీ వెనక గోడకి, ఆ బడిలో పనిచేసిన ప్రధానోపాధ్యాయుల పేర్ల బోర్డు ఉంది. నల్ల చెక్క మీద తెల్ల రంగుతో పేరు, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ. నా తర్వాతి వరసలో ఉన్నావిడ పేరు వెతికి పట్టుకున్నాను. మూడేళ్ళు చేసి వెళ్ళింది. ఆవిడ చేరిన తేదీకి నేను ఇంట్లో స్టూలు మీద నిలబడి చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. లేచి వెళ్ళి ఆ పేరు మీద వేలు పెట్టి చూశాను, పైన పేరూ చూశాను, కింద పేరూ చూశాను. ఒకరు వెళ్ళిన నెలకల్లా ఇంకొకరు చేరారు, మధ్యలో ఒక్క ఏడు కూడా ఖాళీ లేదు. నా జీవితంలో మాత్రమే ఆ మూడేళ్ళూ రాకుండా ఉండిపోయాయి, అక్కడ మాత్రం ఎవరో ఒకరి చేత సంతకం పెట్టించుకుని కాలం తన దారిన తాను వెళ్ళిపోయింది.